మూజువాణి విజయము

శిశిరర్తువు తన తుది యూపిరితో రాజధానీనగరమును విడువలేక విడువలేక వ్రేలాడుచున్న దినములవి. ధూమధూళిమిశ్రితమైన మంచు మహాసభాభవనశిఖరమును మాసిన దుప్పటివలె గప్పియుండ మధ్యాహ్నమార్తాండుడు సయితము ప్రవేశపత్రము లేక వాకిట నిలిపివేయబడిన సందర్శకునివలె వెలవెలబోవుచు గవాక్షములకడ తచ్చాడుచుండెను. అది శుక్రవారము. స్వస్థలములకు విమానమెక్కువారు విమానమెక్క, విందులకు బోవువారు విందులకు బోవ, అయిదువందలకు పైబడిన యా మృదుపీఠములలో ముప్పాతికకు మీరి శూన్యములై కోట్లాది ప్రజల యాశలకు బ్రాతినిధ్యము వహించుచు గంభీరముగ మౌనము పాటించుచుండెను.

ఏ పదవియు లేని సామాన్యసభ్యులు తమంతట దాము రచించి తెచ్చుకొను బిల్లులకు ఆ సభవారు దయతో గేటాయించినది శుక్రవారపు చివరి రెండు గంటలు. అందొక పురాతనాచారము గలదు. సభ్యుడు తన బిల్లును గూర్చి కంఠము బొంగురుపోవునట్లు మాటలాడును. మంత్రి లేచి సభ్యులవారి యావేదనకు బ్రభుత్వహృదయము ద్రవించినదనియు విషయము పరిశీలనలో నున్నదనియు గావున బిల్లును ఉపసంహరించుకొనవలసినదనియు బ్రార్థించును. సభ్యుడు కృతజ్ఞతాభారముతో వంగి ఉపసంహరించుకొనును. కన్నతల్లిచేతనే శిశువునకు గొయ్యి త్రవ్వించు నీ కార్యమునకు ఆ సభయందు మర్యాద యని పేరు.

మన్నెపల్లి పరబ్రహ్మయ్య ఈ మర్యాదను ఆరు పర్యాయములు పాటించిన ప్రతినిధి. న్యాయవాదవృత్తిలో నెరసి మూడుమారులు సభకెన్నికైన యా పండితుడు సభానియమావళిని ఇతరులు సహస్రనామములను వల్లించినట్లు వల్లింపగల దిట్ట. నేటి యతని బిల్లు ఏడవది. అతని నియోజకవర్గమందలి చిట్లగుట్టలో బిడ్డలు అక్షరములు దిద్దుకొను పలకలకై రాతిని కోయుదురు. పొడిగా కోయుటచే లేచు ధూళి కూలీల రొమ్ములలో జేరి గట్టిపడును. ఆ యూర నలువది యేండ్లు దాటిన మగవాడు వింతగా జూడబడును. బిల్లునందున్నవి రెండే మాటలు. రాతిని నీరు చల్లుచునే కోయవలెను. ధూళి రొమ్మున జేరిన కూలికి యజమాని వైద్యము చేయింపవలెను.

ఆ దినమున సందర్శకుల వసారాలో నొక నీలపు చీర కొంగు నోటికడ్డము పెట్టుకొని కూర్చుండినది ఓబులమ్మ. ఆమె భర్త ఆ ధూళికే యాహుతియైనవాడు. కొడుకు గురవయ్య తండ్రి నిలిచిన యంత్రముకడనే నిలిచి యప్పటికే దగ్గుచుండెను. రైలు దిగుచు నామె పరబ్రహ్మయ్యతో ననిన మాట యతని చెవిలో నింకను మెదలుచుండెను: “పెద్దోళ్లంతా ఔనన్నారని కాగితం మీద రాయించుకురా సామీ. మా మేస్త్రీ మొకాన గొడతా. నోటిమాటంటే వాడు నవ్వుతాడు.”

మంత్రి యథావిధిగ ద్రవించెను. పిమ్మట ఆచారమునందలి యచంచలవిశ్వాసముతో ఉపసంహరణమును వినుటకైనను నిలువక స్వపక్షీయులను వెంటబెట్టుకొని వేడి పకోడీల వాసన యాహ్వానించుచున్న క్యాంటీను దెసకు వెడలిపోయెను. ప్రభుత్వపక్షమున ఫైలులో దల దూర్చిన సహాయమంత్రి యొక్కడు మాత్రము మిగిలెను. అపుడు పరబ్రహ్మయ్య లేచి “ఉపసంహరించుకొనను” అనెను.

అధ్యక్షస్థానమందలి వృద్ధుడు కునుకునుండి తేరుకొని బిల్లును మూజువాణి ఓటుకు బెట్టెను. ముప్పది గొంతుకలు “అవును” అనెను. సహాయమంత్రి ఫైలునుండి తల యెత్తకయే పేజీ త్రిప్పెను. “అవుననువారిదే పైచేయిగా దోచుచున్నది” అని యధ్యక్షుడు ప్రకటించెను. ఆ మాటను రెండవమారు పలుకులోపల నెవ్వరును అడ్డు చెప్పనిచో బిల్లు నెగ్గినట్లే. ప్రక్కపీఠమందలి మిత్రుడు తాడిశెట్టి వీరభద్రుడు పరబ్రహ్మయ్య మోచేతిని బిగబట్టి “కదలకు, గురూ! గెలిచేశావ్. దేవుడి మీద ఒట్టు, ఒక్క నిమిషం నీ పాండిత్యం జేబులో పెట్టుకో” అని గుసగుసలాడెను.

కాని మూజువాణి విజయమున పేర్లుండవు. ముప్పది గొంతుకలును గాలిలో గలిసిపోవును. ఓబులమ్మ కోరినది కాగితము. అంతకు మించి, నిజము చెప్పవలెనన్న, మూడు దఫాల శాసనసేవకు ఫలముగ దన పేరు మొదట నుండునట్లు అచ్చుపడిన యొక పట్టికను జూచుకొనవలెనను కోరిక యా పండితుని హృదయకుహరమున జిరకాలముగ ముడుచుకొని పండుకొనియుండెను. అది యిపుడు పడగ యెత్తెను.

“అధ్యక్షా! పేర్లు నమోదగునట్లు డివిజన్ కోరుచున్నాను.”

వీరభద్రుడు నొసలు కొట్టుకొనెను. నియమానుసారముగ వెలుపలి సభ్యులను ఓటునకు బిలుచు గంటలు మ్రోగెను. నడవలలో మ్రోగెను, గ్రంథాలయమున మ్రోగెను, క్యాంటీనున మరింత బిగ్గరగ మ్రోగెను. నూనెవ్రేళ్లను రుమాళ్లకు దుడుచుకొనుచు దవడలాడించుచు అధికారపక్షము ప్రవాహమై లోనికురికెను. “దేనిమీదండీ ఓటు?” అని యొకడడుగ “ఏదైతే నీకెందుకయ్యా, ఎర్రది నొక్కు” అని వారి విప్ బదులిచ్చెను. తలుపులు మూసిరి. అవుననువారు ముప్పదిమంది. కాదనువారు డెబ్బది యెనమండుగురు.

భవనసోపానములపై ఓబులమ్మ యెదురుపడెను. “గెలిచినామని వసారాలో నా పక్కన కూచున్నాయన జెప్పె గదయ్యా. మళ్లా ఆ గంటెవురు గొట్టించినారు?”

“నేనే, అమ్మా.”

“మీరేనా?” ఆమె యతని మొగమును సావకాశముగ జూచెను. “మీరెందుకు గొట్టిస్తారు సామీ?”

“పేర్ల కాగితము అచ్చు కాగానే నేనే తెచ్చి యిత్తునమ్మా” అని పరబ్రహ్మయ్య మాట యిచ్చెను.

వేసవి రాకమునుపే సభ రద్దయ్యెను. దానితో బిల్లును మరల దెచ్చు నవకాశమును రద్దయ్యెను. ఇచ్చిన మాట దప్పని పరబ్రహ్మయ్య అచ్చు పట్టికను స్వయముగ గొని చిట్లగుట్టకు బోయెను. అందతని పేరు మొదటనే యుండెను. యంత్రములు పొడిరాతిని గోయుచు రొదసేయుచుండెను. గురవయ్య పందిరిక్రింద కుక్కిమంచమున గూర్చుండి రెండు చేతులతో రొమ్మునదిమి పట్టుకొని యూపిరికై పెనుగులాడుచుండెను.

ఓబులమ్మ కాగితమును దలక్రిందుగ బట్టుకొని చూచెను. “దీంట్లో మా గురవని పేరుందా?”

“లేదమ్మా. ఓటు వేసినవారి పేర్లే యుండును.”

“ఔనా” అని యామె దానిని మంచము కోడుకడ నేలపైనుంచి గాలికెగురకుండ నొక పలకముక్క బరువు పెట్టి కొడుకునకు నీళ్లు ముంచుటకు లోనికి బోయెను. పరబ్రహ్మయ్య వీడ్కోలు చెప్పుటకు నిలిచెనుగాని యెవ్వరును వెలికి రాలేదు. అతడు చూచుచుండగనే గుట్టనుండి దిగిన తెల్లని ధూళి యా కాగితముపై పొరలు పొరలుగ బేరుకొనెను. మొదట నతని పేరు మాసెను. పిదప దక్కినవి మాసెను. తుద కవుననువారెవ్వరో కాదనువారెవ్వరో తెలియరాకుండ సర్వమును సమమయ్యెను.