గేటు దాకా వెళ్ళిన పిల్ల

తెల్లవారుతూనే మా అమ్మాయి దాహ్యే కోసం టిఫిన్ డబ్బాలో గుమ్మడి జావ పోసి, గుడ్డు అట్టు చుట్టి పెట్టాను. సముద్రపు నాచు పులుసు మాత్రం వండలేదు. జారిపోయే తిండి తింటే కాలేజీ ప్రవేశ పరీక్షలో పిల్ల కూడా జారిపోతుందని ఇక్కడ కొరియాలో, మా కున్సాన్‌లో అందరి భయం. చర్చి సంఘపెద్ద ఇల్లయినా ఈ భయం మా గుమ్మం దాటి బయటికి పోలేదు. మా అత్తగారు వెనకనుంచి వచ్చి మూత తీసి చూశారు. “ఉప్పెక్కువ వెయ్యకే, పిల్లకి దాహమేస్తుంది. నీ ఉపవాసం మధ్యలో వదిలెయ్యలేదు కదా? తల్లి ప్రార్థనలో బలముంటేనే పిల్లకి మార్కులొచ్చేది.” నా భర్త మున్‌హో అద్దం ముందు టై సర్దుకుంటూ నవ్వాడు. “దాహ్యే వాళ్ళమ్మా, సియోల్‌లో మెడిసిన్ సీటొస్తే చర్చిలో సాక్ష్యం నేను చెప్తా. రాకపోతే నువ్వు చెప్పు!” దాహ్యే నవ్వలేదు. గుమ్మంలో వంగి బూట్లు తొడుక్కుంటూ, “అమ్మా, నాకు ఊపిరాడట్లేదు” అంది మెల్లగా. “ఇవాళ అలాంటి మాటలొద్దు తల్లీ, బయల్దేరు” అన్నాను.

చర్చిలో తల్లులందరం పరీక్ష వేళలను అనుసరించి ప్రార్థిస్తున్నాం. అక్కడ పేపరు మొదలైతే ఇక్కడ గంట కొడతారు. దేవుని పిల్లలకు ఓటమి లేదని వేదిక మీదినుంచి మున్‌హో గొంతెత్తి అంటుంటే అందరూ ఆమెన్ అంటున్నారు. నా పెదవులు కదులుతున్నాయి గానీ మనసు దాహ్యే పొద్దున అన్న మాట దగ్గరే ఉంది. ఒకప్పుడు నేను ఆస్పత్రిలో నర్సును. పరీక్షల రోజుల్లో స్ట్రెచర్ మీద తీసుకొచ్చిన పిల్లల్ని చూశాను, కారిడార్‌లో కూలబడ్డ తల్లుల్నీ చూశాను. పిల్ల చదువు నీ బాధ్యతేనని అత్తవారింట్లో అంటే ఆ ఉద్యోగం మానేశాను. అప్పటినుంచి నా పనంతా వంటగదిలోనూ చర్చి భోజనాల గిన్నెల దగ్గరా సాగింది. దాని జీతం దాహ్యే మార్కులే. ఊపిరాడట్లేదన్న పిల్లను బయల్దేరమన్న నోరు ఏ నర్సుది? ఏ తల్లిది?

సంచిలో ఫోను వణికింది. “తియ్యకే, దేవుడితో మాట్లాడేటప్పుడు” అని అత్తగారు మోచేత్తో పొడిచారు. తీశాను. క్లాసు టీచరు. “అమ్మా, దాహ్యే హాల్లోకి రాలేదు. మీ దగ్గరుందా?”

ముందు వరుసలోంచి లేచాను. మున్‌హో ప్రార్థన ఆపకుండానే కళ్ళు తెరిచి, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. అత్తగారు నా కోటు అంచు పట్టుకున్నారు. “అందరూ చూస్తున్నారే!” విడిపించుకుని బయటికి పరుగెత్తాను.

టాక్సీలో కూర్చున్నాక ఎక్కడికని డ్రైవరు అడిగాడు. చిన్నప్పుడు దాహ్యే చలికాలం బాతుల గుంపులు చూడటానికి మారాం చేసే నది గట్టు గుర్తొచ్చి, అక్కడికే పొమ్మన్నాను. దారంతా నీళ్ళకేసి చూడలేక కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, సీటు వద్దు, సాక్ష్యం వద్దు, పిల్లను ఇవ్వు. ఇన్నేళ్ళలో నాకోసం నేను చేసిన మొదటి ప్రార్థన అదేనేమో.

గట్టు చివర, నీళ్ళకు మరీ దగ్గరగా, యూనిఫాం కోటు కనబడింది. అరిస్తే బెదురుతుందేమోనని అరవలేదు. అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి, దాని మోచెయ్యి గట్టిగా పట్టుకుని పక్కన కూర్చున్నాను. దాని చేతులు మంచులా ఉన్నాయి.

“గేటు దాకా వెళ్ళానమ్మా. లోపలికి కాళ్ళు రాలేదు.” పళ్ళు టకటకలాడుతున్నాయి. “దేవుడు నన్ను వదిలేశాడా?”

“లేదే పిచ్చిదానా. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మందనంతా వదిలి వెళ్ళేవాడాయన. ఇప్పుడు ఆ చర్చిలో ఉంటాడా? ఇక్కడే ఉంటాడు.” అది నా భుజం మీద వాలి పెద్దగా ఏడ్చింది. ఏడుపు వినిపించినంతసేపూ దాని గుండె కొట్టుకోవడం నా చేతికి తెలుస్తూనే ఉంది. వదిలితే ఆగిపోతుందేమోనన్న భయంతో ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మళ్ళీ ఫోను. అత్తగారు. వెనక ఆమెన్లు వినిపిస్తున్నాయి. “ఎక్కడ చచ్చావే? మీ ఆయన పరువు తీశావు! పిల్ల ఎలా రాస్తోందట?”

“బతికుంది, అత్తయ్యా.”