మైకుగారి గొంతు

మెత్తటి పాత చీర ముక్కతో డిస్కును మధ్యనుంచి అంచుకు తుడిచి, ఆమె మళ్ళీ కంప్యూటర్లో పెట్టింది. డ్రైవు గుర్రుమంటూ తిరిగి ఊరుకుంది. డిస్కు చదవడం కుదరలేదని తెర మీద పొద్దున్నుంచీ అదే మాట. కుట్టుమిషను మీద ఎవరిదో జాకెట్టు, ఒక చెయ్యి అతికి, రెండో చెయ్యి లేకుండా వేలాడుతోంది. సాయంత్రానికి ఇస్తానని ఒప్పుకున్నది. ఇవాళ దాని మీదికి మనసు పోవడం లేదు.

ఆమె భర్త ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందే గడిచింది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఏడుస్తున్నాడో ఊరికి చెప్పింది ఆయనే. అందరూ ‘మైకుగారు’ అనేవాళ్ళు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరిదాకా వినబడేది. కిందటేడు గొంతులో పుండు కోసి తీసేశారు. దాంతోపాటే మాటా పోయింది. ఇప్పుడు చప్పట్లు కొట్టి పిలుస్తాడు. జబ్బు మాత్రం వదల్లేదు, ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు.

మొన్న గిన్నెలు తోముతూ ఆయన గొంతు ఎలా ఉండేదో తలుచుకోబోయింది ఆమె. గుర్తు రాలేదు. ఎంత తన్నుకులాడినా రాలేదు. ఆయన రిటైరైన రోజు తీసిన డిస్కు కోసం బీరువా అంతా బోర్లించింది.

ఇక లాభం లేదని ఇప్పుడు తమ్ముడికి ఫోను చేసింది.

“గీతలు పడ్డాయా అక్కా?”

“పడకేం, ఒళ్ళంతా గీతలే.”

“అయితే ఆ ప్లేయరు వదిలెయ్. కంప్యూటర్లో నేను వేసిచ్చిన ఇంకో ప్లేయరుంది చూడు, దాంట్లో తెరువు. అది గీతల్ని పెద్దగా పట్టించుకోదు.”

బొమ్మ వచ్చింది. మెడలో దండ, చేతిలో మైకు. ఆయన పెదవులు కదులుతున్నాయి. వినబడేది మాత్రం వీడియోవాడు అతికించిన పాట.

“మనిషి కనిపిస్తున్నాడ్రా, మాట రావట్లేదు.”

“పైన ఆడియో అని ఉంటుంది. దాంట్లో ట్రాకు రెండోది నొక్కు.”

వెనక చప్పట్లు. గుమ్మంలో ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. వద్దంటూ చెయ్యి ఊపాడు.

“మీకోసం కాదండీ, నాకోసం,” అందామె ఫోను పక్కన పెట్టి. “మీ గొంతు నాకు గుర్తు రావట్లేదు.”

ఆయన ఊపుతున్న చెయ్యి దించాడు. గోడ పట్టుకునే వెళ్ళి పడుకున్నాడు.

ఆమె రెండోది నొక్కింది. పాట తెగిపోయింది.

“ప్రయాణికులకు విజ్ఞప్తి!” గది దద్దరిల్లింది. “ఇన్నేళ్ళూ మీ సామాను జాగ్రత్త అని మొత్తుకున్నాను. నా సామాను అదుగో, ముందు వరసలో విసుక్కుంటూ కూర్చుంది. ఇక ఇంటికి పోయి నేనే చూసుకుంటాను.”

తెరలో జనం పగలబడి నవ్వారు. ఈ మాట కూడా మరిచిపోయింది తను. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

“ఏమండీ, విన్నారా, నలుగుర్లో ఎంత మాటన్నారో!”

చప్పట్లు వినబడలేదు. అలిగాడనుకుంది. శబ్దం పెంచి మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. అప్పటికీ అలికిడి లేకపోయేసరికి లేచి వెళ్ళింది.

ఆయన మంచం మీద లేడు. పడకగది గుమ్మానికి ఆనుకుని, నేల మీద కూర్చుని ఉన్నాడు. తల వాలిపోయింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

వెనక గదిలో ఆయన ప్రయాణికులను పిలుస్తూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఇల్లు జనంతో నిండింది. ఆయన్ని ఎత్తి మంచం మీదికి చేర్చారు. పడకగది గుమ్మం బయట ఆయన రబ్బరు చెప్పు ఒక్కటే మిగిలింది, కంప్యూటరున్న గదివైపు తిరిగి.