అలికిన నేల కింద

నేను ఒక మందు సీసాను. పురుగుమందు అనగానే చంపేదే అనుకుంటారు మనుషులు. నాకంత సీన్ లేదు. మేకల ఒంటి మీద గెంతే మిన్నల్లి ఒకసారి పెద్దదైతే దాన్ని నేనేమీ చేయలేను. దాని గుడ్లను మాత్రం పగలనివ్వను, పగిలినా పిల్లపురుగులను ఎదగనివ్వను.

ఫ్యాక్టరీలో నన్ను నింపి, మూత బిగించి, చీమతలకాయంత అక్షరాల కాగితం ఒకటి అంటించారు. దాన్ని చదివిన మహానుభావుడెవరూ నాకింతవరకు తగల్లేదు. కొట్లో దుమ్ముపట్టి ఉన్న నన్ను పశువుల డాక్టరు శ్రీలత కొని, మేకలు కాసుకునే ఐలవ్వ చేతిలో పెట్టింది.

అప్పటికే మిన్నల్లులు నెత్తురు పీల్చేయడంతో ఐలవ్వ మేకపిల్లలన్నీ చచ్చిపోయాయి. ఒక్క చుక్కల పిల్ల మిగిలింది. దాని చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి.

"పిల్లకు రక్తం లేదవ్వా, ఒంటికి విషం పూస్తే తట్టుకోదు. ఒంటి మీదివి దువ్వెనతో దువ్వి తియ్యి. ఈ మందు నేలకు కొట్టు. కొత్తవి పుట్టకుండ ఆపుతది. కొట్టినంక ఊడ్వకు" అంది శ్రీలత.

ఐలవ్వ మూలమూలకూ కొట్టింది. చీపురు ముట్టలేదు. కానీ శుక్రవారం వచ్చింది. జబ్బు పిల్ల పడుకునే చోటు శుభ్రంగా ఉండాలని, కొట్టమంతా పేడతో నున్నగా అలికింది. వద్దని చెప్పాలని డాక్టరుకూ తోచలేదు. నా మందు పేడ కింద సమాధి అయింది. గుడ్లు పైన రాలి, హాయిగా పగిలాయి. అరవడానికి నాకు నోరేదీ?

పాపం, ఐలవ్వ దువ్వుతూనే ఉంది. దువ్విన కొద్దీ కొత్తవి ఎక్కుతూనే ఉన్నాయి.

మళ్లీ వచ్చిన శ్రీలత నేల చూసి తల పట్టుకుంది. "అయ్యో, అలికినవా అవ్వా!"

"పానం బాగలేనిదాన్ని మురికిల పండవెడ్తనా బిడ్డా?"

పేడ పెళ్లలు గీకి, నాలో మిగిలినదంతా కొట్టారు. అయితే అప్పటికే ఎదిగి, ఒంటి చుట్టూ గూడు కట్టుకున్న పురుగులు నాకు లొంగవు. అవి బయటికొచ్చి పిల్లలో మిగిలిన ఆఖరి నెత్తురు చుక్కలు తాగాయి. పిల్ల ఐలవ్వ ఒడిలో తలవాల్చింది. తల్లిమేక దాన్ని నాకుతూనే ఉంది.

కొన్నాళ్లకు ఐలవ్వ కొట్టం మధ్య నిలబడి కాళ్లు చూసుకుంది. ఒక్క మిన్నల్లీ ఎక్కలేదు.

"ఇప్పుడా ఆగేది? ఇగ ఎవల కోసం ఆగినయే?" అని నన్ను గోడకేసి కొట్టింది.

పెంటకుప్ప మీద పడి ఉన్నాను. నా పని నేను చేశాను. ఆ కొట్టంలో ఇక పెద్ద కావలసిన ప్రాణం ఒక్కటీ లేదు.