ముత్తయ్య బండికి కొక్కెం

ముత్తయ్య కొత్త పికప్ బండిని వెనక్కి తిప్పి వెల్డింగ్ షాపు ముందు ఆపుతుంటేనే ఆశీర్వాదానికి గుబులు పట్టుకుంది. ముత్తయ్య స్లాబులు పోసే మేస్త్రి. సిమెంటు కలిపే మిల్లర్‌ను ఇన్నాళ్లూ కిరాయి ట్రాక్టర్‌కు తగిలించి లాక్కుపోయేవాడు. ఇప్పుడు సొంత బండి వచ్చింది కాబట్టి దాని వెనక ఒక కొక్కెం కావాలి. రేపు పొద్దున మంథనిలో స్లాబ్ ఉంది, ఈ సాయంత్రమే మిల్లర్ గోదావరి బ్రిడ్జి దాటి అక్కడికి చేరాలి. శ్రీరాంపూర్‌లో ఇనుము అతకాలంటే ఆశీర్వాదమే అతకాలని ముప్పై ఏళ్లుగా పేరు. ఆ పేరే ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకుంది.

ఆశీర్వాదానికి కళ్లలో పొరలు కమ్ముతున్నాయి. చర్చిలో కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకుంటాడు గానీ, పాడేదంతా కంఠతా వచ్చిందే. భార్య సంతోషమ్మకు కూడా ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె ఆ పూటే షాపుకు తాళం వేయిస్తుంది. షాపు లేకపోతే తానెవడు? ఆ మాటకు జవాబు దొరకకే నెలలు నెట్టుకొస్తున్నాడు.

ముత్తయ్య కరీంనగర్‌లో కొన్న కొక్కెం ఒకటి తెచ్చాడు. గుండ్రటి తలకాయతో తళతళలాడుతోంది. ఆశీర్వాదం దాన్ని తడిమి చూసి పక్కన పెట్టేశాడు. మిల్లర్ ముందు కమ్మీకి ఉన్నది ఇనుప కడియం, అది ఈ గుండు మీద కూర్చోదు. రెండు ఇనుప చెవుల మధ్య కడియాన్ని దూర్చి, పైనుంచి పిన్ను దించాలి. అట్లయితే ఆ చెవులేవో బంపర్‌కే అతికెయ్యమన్నాడు ముత్తయ్య తొందరపడుతూ. బంపర్ ఊడి చేతికొస్తుందని, బండి అడుగు చట్రం చాసిస్‌కే ఇనుప పలక బిగించాలని ఆశీర్వాదం పట్టుబట్టాడు. ఆ మాట నిజమే. కానీ బోల్టులైతే వేళ్లతో తడుముకుని బిగించవచ్చన్న ఆశ కూడా అందులో ఉంది.

ముందు చెయ్యాల్సిన అతుకు పనిని వెనక్కి నెట్టి, బండి కింద పడుకుని ఎనిమిది బోల్టులూ బిగించాడు. పలక ఇసుమంత కదల్లేదు. అంతవరకు ప్రాణం కుదుటగానే ఉంది. చెవులను మాత్రం పలకకు వెల్డింగ్ చెయ్యక తప్పదు.

షీల్డు మొహానికి అడ్డం పెట్టుకుని రాడ్ అంటించాడు. వెలుగు ముద్దగా కనిపించింది తప్ప అతుకు గీత కనిపించలేదు. చేతికి దారి తెలుసులే అనుకుని పోనిచ్చాడు. పైన కాలిన పెచ్చు రాలగొట్టి, చల్లారాక బొటనవేలితో రాసి చూశాడు. నున్నగా తగిలింది. నున్నగా ఉంటే చాలదని ఆయనకు తెలియదా?

ఈలోగా కూలీలు వచ్చి బండి ఎక్కారు. ముత్తయ్య మిల్లర్ తగిలించి పిన్ను దించాడు. అందరిలో పెద్దది భూమవ్వ. ట్రాక్టర్ వెనక అలవాటైనట్టే, సద్ది డబ్బా ఒళ్లో పెట్టుకుని మిల్లర్ ముందు కమ్మీ మీద కూర్చుంది. కొక్కెం ఊడితే ముందుగా చక్రాల కింద పడేది ఆమే. ముత్తయ్య బండి స్టార్ట్ చేశాడు.

"జర ఆగు," అన్నాడు ఆశీర్వాదం. "భూమవ్వా, నువ్వు దిగు."

లోపలికి పోయి సమ్మెట తెచ్చాడు. పిన్ను తీయించి, మిల్లర్‌ను పక్కకు నెట్టించాడు. ముత్తయ్యకు నవ్వొచ్చింది.

"నీ అతుకును ఎవలన్న కొట్టి చూస్తరా, కాకా?"

ఆశీర్వాదం కొట్టాడు. చెవి నిలిచింది. మళ్లీ కొట్టాడు, నిలిచింది. చాలు కాకా, పొద్దుపోతోందని ముత్తయ్య అన్నాడు. అక్కడ ఆపి ఉంటే పేరు దక్కేది. ఆశీర్వాదం బలమంతా పెట్టి మూడోసారి కొట్టాడు. చెవి ఊడి దుమ్ములో పడింది.

కరిగిన రాడ్ అంతా పలక మీదే పేరుకుంది. చెవికి అంటిందే లేదు. భూమవ్వ ఊడిపడ్డ చెవిని, తాను కూర్చున్న కమ్మీని మార్చి మార్చి చూసింది.

"నాకు కనవడ్తలేదు, ముత్తయ్యా," అన్నాడు ఆశీర్వాదం. "కిస్మస్ ముంగటి సంది."

ముత్తయ్య పక్కకు పోయి, మిల్లర్ లాక్కుపోవడానికి కిరాయి ట్రాక్టర్ ఆయనకు ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, సోమవారం కరీంనగర్ కంటి దవాఖానకు తానే తీసుకుపోతానని, ఫికర్ చెయ్యొద్దని చెప్పాడు. ఆశీర్వాదం వినడం లేదు. చెప్పేస్తే గుండె తేలికపడుతుందనుకున్నాడు. కానీ క్రిస్మస్ ముందు నుంచి ఈ చేతులతో అతికినవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి. బడి గేటు. పొరుగున రాజం ఇంటి ఇనుప మెట్లు. చర్చి వాకిట్లో వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు స్టాండు. నీడ ఉంటుందని ప్రతి ఆదివారం సండే స్కూల్ పిల్లలను దాని కిందే కూర్చోబెడతారు.

సమ్మెట భుజాన వేసుకుని, తడుముకుంటూ పికప్ ఎక్కాడు.

"ముందుగాల చర్చి కాడికి పోనియ్యి, ముత్తయ్యా," అన్నాడు. "రేపు ఐతారం."