బీరువాలో రూతమ్మ గారి బోర్డు

నేను ఒక రేకు బోర్డును. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, నీలం మీద తెల్లక్షరాలు. ఒక రాష్ట్ర వైద్య మండలి రికార్డు గదిలో మూడో బీరువా అడుగు అరలో ఉంటున్నాను. ఏ రాష్ట్రమో చెప్పను, కాగితాల తగాదా మళ్లీ నాకెందుకు? ఆరేళ్లపాటు గుడ్డలో చుట్టి, పురికొస కట్టి, లక్కముద్ర వేసి ఉంచారు. గుడ్డ ఈమధ్యే విప్పారు. తాళం మాత్రం అలాగే ఉంది. నలుగురూ చూడ్డానికి పుట్టినదాన్ని, ఈ చీకట్లో నన్ను బొద్దింకలు కూడా సరిగ్గా చూడలేవు.

నన్ను రాసింది చినలంక పెయింటర్ బాబ్జీ. ‘డాక్టర్ కంచర్ల రూతమ్మ, ఎం.బి.బి.ఎస్.’ అని సోకుగా రాసి, కింద మిగిలిన చోట గులాబీ పువ్వు వేస్తానని పట్టుబట్టాడు. అక్కడ తన నంబరు రాయమంది రూతమ్మ గారు. ఆరు వేల రెండు వందల పద్నాలుగు.

“నంబరేంటండీ బాబూ! తవరేవన్నా బస్సాండీ?” అన్నాడు బాబ్జీ.

ఆవిడ నవ్వింది. “చదివినంత మాత్రాన డాక్టరు అయిపోరు బాబ్జీ. మండలి వాళ్ల పుస్తకంలో పేరెక్కాలి. ఇది ఆ పుస్తకంలో నా నంబరు. రేపు నేనేదైనా తప్పు చేస్తే, ఎవరి మీద చెప్పుకోవాలో జనానికి తెలియాలి కదా.”

ఆవిడ తండ్రి తాపీ మేస్త్రి. ఏ పుస్తకంలోనైనా పేరెక్కింది ఆ ఇంట్లో ఆవిడే మొదలు. అందుకే నా మీద పేరు కంటే నంబరుకే ఎక్కువ మురిసిపోయేది.

ఇరవై ఎనిమిదేళ్లు చినలంక కాలవగట్టు మీద, ఆసుపత్రి గుమ్మానికి వేలాడాను. కాంపౌండరు గనిరాజు రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ముందు నన్ను తుడిచి, తర్వాతే రోగుల బల్ల తుడిచేవాడు. ఒకసారి వెల్ల వేసేవాళ్ల నిచ్చెన మీదపడి నా కుడి కింది మూల సొట్ట పోయింది. గనిరాజు ఇంట్లో మనిషికి తగిలినంత బాధపడ్డాడు. ఆ సొట్టని మాత్రం రోజూ బొటనవేలితో రుద్ది మరీ తుడిచేవాడు.

తర్వాత రూతమ్మ గారికి చేతుల వణుకు మొదలైంది. సూది పట్టుకోలేకపోయింది. కుర్చీలో కూచుని చెబుతుంటే గనిరాజు సూది వేసేవాడు. కొన్నాళ్లకి ఆవిడ వెనక గదిలో మంచం మీద పడుకునే మందుల చీటీ రాసి పంపేది. మరి కొన్నాళ్లకి చీటీ కూడా లేదు, వైద్యమంతా గనిరాజే.

“బోర్డు తీసేద్దావాండీ?” అని గనిరాజు ఒకనాడు భయంభయంగా అడిగాడు.

“ఉండనియ్యి. అది తీస్తే నేను పోయాననుకుంటారు,” అంది ఆవిడ.

చూశారా మనుషుల సంగతి! చెయ్యి ఆడకపోయినా పేరు ఆడుతూ ఉండాలి. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఎండకి తళతళలాడుతూ అలాగే వేలాడాను.

చేపలమ్మే అచ్చియమ్మ ఆరేళ్ల కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. పిల్ల పేరు సత్తివేణి. ఒళ్లు కాలిపోతోంది. అచ్చియమ్మకి చదువు రాదు. దారినపోయే మనిషిని, “డాట్రమ్మ గారి బోర్డు ఇదేనా అయ్యా?” అని అడిగింది. “అదేనమ్మా, ఎల్లు,” అన్నాడతను. లోపలికి వెళ్లింది. గనిరాజు పిల్ల తుంటికి సూది వేశాడు. అది పడకూడని నరం మీద పడింది. జ్వరం తగ్గింది గానీ పిల్ల పాదం వేలాడిపోయింది. అప్పట్నుంచి ఆ కాలు ఈడ్చుకుంటూనే నడిచింది.

అచ్చియమ్మ ఊరుకోలేదు. పక్కింటి టీచరు చేత నా మీది నంబరు రాయించి మండలికి అర్జీ పెట్టింది. రూతమ్మ గారు ఆ నంబరు రాయించింది కూడా అందుకే కదా! విచారణకు వచ్చిన అధికారి నన్ను మేకు మీంచి దించి, గుడ్డ చుట్టి, జీపులో వేసుకుపోయాడు.

విచారణ రోజు నన్ను బల్ల మీద పెట్టారు, సాక్ష్యం నంబరు మూడు అని పేరు పెట్టి. బయట వరండాలో వకీలు ఆవిడకి చెప్పిన మాటలు నాకూ వినపడ్డాయి. “మేడమ్, ఒక్క మాట అనండి చాలు. నాకు తెలియకుండా కాంపౌండరు నా బోర్డు వాడుకున్నాడని. మీ పేరు పుస్తకంలో ఉంటుంది. మిగతాది అతని ఖర్మ.” గనిరాజు పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు. వద్దని అనలేదు పాపం.

లోపల మండలి పెద్దాయన అడిగాడు. “ఈ బోర్డు మీదేనా? మీకు తెలిసే ఉందా అక్కడ?”

ఆవిడ చేతులు రెండూ వణుకుతున్నాయి. ఒకదాన్ని ఇంకోదానితో పట్టుకుంది.

“నాదేనండి. తీసేస్తానని అతను అడిగాడు. నేనే వద్దన్నాను.”

గనిరాజుకి కోర్టులో ఆరు నెలలు జైలు పడింది. మండలి పుస్తకంలో ఆవిడ పేరు మీద ఏడాదిపాటు ఎర్రసిరా గీత పడింది. అర్హత లేని మనిషికి తన పేరు అడ్డం పెట్టినందుకు ఆ శిక్ష. న్యాయమే. నేను కాదనను.

అన్యాయం ఆ తర్వాతది. ఏడాది గడిస్తే పేరు దానంతటదే ఎక్కదట. దరఖాస్తు పెట్టుకోవాలి, శిక్షాకాలంలో బోర్డు తగిలించలేదని రుజువు జతచేయాలి. బోర్డు ఎవరి దగ్గరుంటే వాళ్లు రాసివ్వాలి. బోర్డు మండలి దగ్గరే ఉంది. మండలిలో ఎక్కడుందో మండలికే తెలియదు! మా మూటలకి గుచ్చిన చీటీల్ని ఎలకలు కొరికేశాయి. పదిహేడు మూటలం, అన్నీ ఒకే తీరు. ఏ కేసుదో తెలియకుండా ముద్ర విప్పకూడదు. ముద్ర విప్పకుండా ఏ కేసుదో తెలియదు. అయిదేళ్లు ఇదే వరస.

ఆ అయిదేళ్లూ నాకు కాలక్షేపం రికార్డు గుమాస్తా ముర్తుజా గొంతు. పాత పుస్తకాల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తూ పేర్లు పైకి చదివేవాడు. మొదటి పుస్తకం తెల్లదొరల నాటిది. అందులో ఆడపేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుర్రం మీద ఊళ్లు తిరిగినవాళ్లు, కలరాకు మందిస్తూ కలరాతోనే పోయినవాళ్లు, తప్పుడు సర్టిఫికెట్లు రాసి గీత పడినవాళ్లు, అందరూ ఆ పుస్తకాల్లోనే. గీత పడ్డ పేరు దగ్గర ముర్తుజా ఒక్క క్షణం ఆగేవాడు. 6214 దగ్గర ఎక్కువసేపే ఆగాడు. ఇక్కడున్నాను నాయనా, నీ వెనకాలే ఉన్నానని అరుద్దామంటే నోరేదీ?

రూతమ్మ గారు రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్లిపోయింది. మూడోసారి గనిరాజు చెయ్యి పట్టుకుని వచ్చింది. మాట కూడా వణుకుతోంది.

“నేను మళ్లీ సూది పట్టను బాబూ. పోయేలోగా నా పేరు మీద ఆ గీత తీసేస్తే చాలు.”

“నా చేతుల్లో ఏముందమ్మా!” ముర్తుజా బీరువా బార్లా తెరిచి చూపించాడు. “ఇవన్నీ బోర్డులే. విప్పితే నా ఉద్యోగం పోతుంది.”

“ఇప్పక్కర్లేదండి,” అన్నాడు గనిరాజు. “తడిమి చూస్తానండి.”

కింద కూచుని, ఒక్కో మూటకీ నాలుగు మూలలూ గుడ్డ మీంచి బొటనవేలితో రుద్దుతూ వచ్చాడు. తొమ్మిదోది నేను. ఆ వేలు నా సొట్టలో పడగానే ఆగిపోయింది. ఆరేళ్ల తర్వాత, ఆ వేలు! నా రేకంతా జివ్వుమంది.

“ఇదేనండి మా బోర్డు,” అన్నాడు.

ముర్తుజా పరుగున వెళ్లి పైవాళ్ల చేత సంతకం పెట్టించుకొచ్చాడు. ముద్ర విప్పితే నేనే. నెలలోపే ఎర్రగీత పక్కన ‘పేరు పునరుద్ధరించడమైనది’ అని రాశారు. కాగితం తీసుకోవడానికి వచ్చిన రోజు ఆవిడ నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకుంది.

“బోర్డు కూడా పట్టుకెళ్లండమ్మా,” అన్నాడు ముర్తుజా. గనిరాజు అప్పుడే కండువాతో నన్ను తుడుస్తున్నాడు.

“వద్దు గనిరాజూ. అచ్చియమ్మ దీన్ని చూసే లోపలికి వచ్చింది,” అంది ఆవిడ.

గనిరాజు తుడవడం ఆపలేదు. మూల కూడా రుద్ది, నన్ను ముర్తుజా చేతికిచ్చాడు. ముర్తుజా మళ్లీ గుడ్డ చుట్టలేదు. నా ముఖం బీరువా తలుపువైపు పెట్టి తాళం వేశాడు.

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఈ చీకట్లో నాకు ఎప్పుడూ ఒకటే వినపడుతుంది. డాట్రమ్మ గారి బోర్డు ఇదేనా అయ్యా? నోరుంటే ఆ రోజే చెప్పేదాన్ని, కాదు తల్లీ, పిల్లని తీసుకుని వెనక్కి పో అని.