కుర్మయ్య మాటకు పడ్డ తాళం

ఫైలు కళ్ళ ముందే ఉంది. తెరుచుకోదు. నొక్కిన ప్రతిసారీ అనుమతి లేదంటోంది సర్వరు. తొండుపల్లి గోడౌన్ కార్మికుల సంఘం ఆఫీసులో నాయకుడు నరేందర్ కూర్చోలేడు, నిలబడలేడు.

మధ్యాహ్నం లేబర్ కోర్టు. ఫైలులో ఉన్నది గోడౌన్ డ్రైవరు కుర్మయ్య దవాఖానలో చివరిసారి చెప్పిన మాటల రికార్డు. తాగి సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపి చచ్చాడని కంపెనీ వాదన. ఎవడైనా ఎత్తుకుపోతాడని నరేందర్ ఆ రికార్డును ఫోన్లోంచి తీసేసి, సర్వరులో తన లాగిన్‌తో తాళం వేసి దాచాడు.

"ఏం జేసినవ్‌రా వీరేందర్?" అని సంఘం కంప్యూటర్లు చూసేవాడి మీద అరిచాడు.

"అందరి లాగిన్లు ఒక్క తాననే ఉండాలని నువ్వే గదన్నా అన్నవ్! నిన్న ఈ సర్వరును అందరి లాగిన్లు జూసే డొమైన్ కంట్రోలర్ జేసిన. గట్ల జేస్తే పాత లాగిన్లు పోతయ్."

కొత్త లాగిన్‌కూ అదే పేరు, అదే పాస్‌వర్డ్. అయినా సర్వరుకు ఈ నరేందర్ పరాయివాడు.

గడపలో కుర్మయ్య భార్య చంద్రమ్మ నిలబడి ఉంది. "తమ్మీ, మా ఆయన మాట దొరుకుతదా లేదా? అది జెప్పు."

వీరేందర్ తల గోక్కున్నాడు. "మార్చేముందు పాత డిస్కును ఉన్నదున్నట్టు నకలు దీసిన. దాన్ని వేరే కంప్యూటర్ల లేపితే పాత లాగిన్‌తోటి తెరుచుకుంటది."

"మరి తే!" అన్నాడు నరేందర్.

"ఆ నకలున్న డిస్కును మా బామ్మర్ది పెండ్లి వీడియో ఎక్కియ్యనీకి ఇచ్చిన. అత్తాపూర్ స్టూడియోల ఉంది."

నరేందర్ తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేం.

ముగ్గురూ ఆటో ఎక్కారు. ఆరాంఘర్‌లో బండ్లు కదలవు. "దిగి ఉరుకుదామా?" అని చంద్రమ్మ రెండుసార్లు అడిగింది. నరేందర్‌కు నిజంగానే దిగాలనిపించింది.

స్టూడియో నడిపే సంతోషి డిస్కు బయటకు తీసింది.

"ఖాళీ జేసినవా అక్కా?" వీరేందర్ డిస్కు అందుకున్నాడు.

"ఏడ జేస్తం? అప్పగింతలకు ఏం పాట పెట్టాల్నో పెండ్లిపిల్ల తరపోళ్ళు, పిల్లగాని తరపోళ్ళు ఇంకా కొట్లాడుతనే ఉన్నరు. ఆళ్ళ పంచాది తెగితే గద వీడియో ఎక్కిచ్చేది!"

ఆమె కంప్యూటర్లోనే పాత సర్వరును లేపారు. నరేందర్ పాత పాస్‌వర్డ్ కొట్టాడు. ఫైలు తెరుచుకుంది.

"బ్రేకు పడ్తలేదని పొద్దుగాల్నే జెప్పిన. ఇయ్యాల్టికి నడుపుమన్నడు సూపర్‌వైజర్..." రికార్డులో కుర్మయ్య దగ్గాడు.

చంద్రమ్మ ఏడవలేదు. "ఆ బండి ఇప్పుడెవరు నడుపుతున్నరు?"

నరేందర్ ఇన్నాళ్ళూ కోర్టు, రుజువు అని తిరిగాడే గాని, ఆ సంగతి ఒక్కనాడూ అడగలేదు.

"ముందు ఆ బండి నడిపేటోళ్ళకు పంపు. జడ్జి తర్వాత ఇంటడు."

"కోర్టు కంటే ముందు బయటికొస్తే వకీలు సాబు కోపం జేస్తడక్కా," అన్నాడు నరేందర్.

"జెయ్యనీ."

నరేందర్ రికార్డును తాళం లేకుండా ఫోన్లోకి ఎక్కించి గోడౌన్ కార్మికుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కోర్టుకు పోయేందుకు మళ్ళీ ఆటో ఎక్కేలోపే ఫోన్ మోగింది. అవతల బాలమల్లు, కుర్మయ్య బండిని ఇప్పుడు నడుపుతున్న డ్రైవరు. వెనక ఎవడో అరుస్తున్నాడు.

"అన్నా, బండి దిగిన. మెడబట్టి గెంటినా ఇగ ఎక్క."

చంద్రమ్మ ఫోన్ లాక్కుంది. "తమ్మీ, బండి తాళంచెవి జేబుల ఏస్కో. ఎవలకియ్యకు. కోర్టుల పనిజూస్కొని ఆడికే వస్తున్నం."