సావిడి చదివింపు

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే రోడ్డు పక్కనున్న ఆ ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా జగన్నాథరావు చదివింపు చిట్టచివర వచ్చేది. అందరివీ అయ్యేదాకా మీసం దువ్వుకుంటూ కూర్చుని, అందరికంటే ఒక మెట్టు పైన చదివించి తన పేరు పిలిపించుకునేవాడు. మంగలి సాంబయ్య గొంతెత్తి ఆ పేరు చదువుతుంటే ఆయన మొహం వెన్న రాసినట్టు మెరిసిపోయేది. ఈ బలహీనత ఊరందరికీ తెలుసు, చాటుగా నవ్వుకునేవాళ్ళు కూడా. దాన్ని మనసులో దాచుకుని అదను కోసం కాచుక్కూర్చున్నది మాత్రం ఆయన తమ్ముడి భార్య సీతారావమ్మ ఒక్కతే.

ఆమె కడుపుమంటకి కారణం ఒక ట్రంకుపెట్టె. భర్త వెంకటరత్నం బెజవాడలో చదువుకునే రోజుల్లో కొన్న పుస్తకాలన్నీ అందులో ఉండేవి. పెళ్ళినాటికి ఆమెకి అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. పొద్దుగూకేవేళ మిరప కళ్ళం దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని అతనే చదవడం నేర్పాడు. అన్నిటిలోకీ ఆమెకి చుక్కల గురించిన పుస్తకం ఇష్టం. ఆమెకి కొరుకుడుపడని చోటల్లా అతను అంచుల్లో పెన్సిలుతో తేలికమాటల్లో రాసిపెట్టేవాడు. అలా రాస్తూ రాస్తూనే ఒక వానాకాలం విషజ్వరంతో పోయాడు.

పెద్దకర్మ కూడా కాకముందే జగన్నాథరావు ఆ పెట్టెని బడి లైబ్రరీకని ఇచ్చేశాడు, అదీ తన తండ్రి పేరు మీద. బడి కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. మెళ్ళో దండ వేయించుకుని, బీరువా మీద తండ్రి పేరు రాయించి, దాని తాళంచెవి తన మొలతాడుకే కట్టుకుని ఇంటికొచ్చాడు. తమ్ముడి పుస్తకాలకి అన్న మెళ్ళో దండ. ఊళ్ళో అదేమని అడిగిన మగాడు లేడు.

ఆ ఒక్క చుక్కల పుస్తకమైనా ఇప్పించమని సీతారావమ్మ వెళ్ళింది. ఆ ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడి మాట్లాడకూడదు, మరొకరి చేత చెప్పించాలి. అందుకని సాంబయ్య పెళ్ళాం బసవమ్మని వెంటబెట్టుకుంది. వీధివైపున్న పెద్ద సావిడి జగన్నాథరావు కొలువు. పడక్కుర్చీ, పేపరు, పంచాయితీలు అన్నీ అక్కడే. ఆమె ఆ గడపలో కాలు పెట్టబోయింది.

"అడగొచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చోవాలని చెప్పవే బసవమ్మా," అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

ఎండ మండిపోతున్న అరుగు మీద ఆమె కూర్చుంది. ఆయన పేపరు పూర్తి చేశాడు, భోంచేశాడు, కునుకు తీశాడు. లేచి ఒళ్ళు విరుచుకుని, "చదివించింది వెనక్కి తీసుకోవడం మా ఇంటావంటా లేదని చెప్పు," అన్నాడు. వీధిలో పోయేవాళ్ళంతా ఆమెని చూస్తూనే పోయారు.

కొన్నేళ్ళకి నందిగామ నుంచి ప్రేమానందంగారని కొత్త హెడ్మాస్టరు వచ్చి, పట్టుబట్టి ఆ బీరువా తెరిపించాడు. బడి కప్పు కారి, గోడంతా చెమ్మెక్కి, లోపల చెదపుట్ట లేచింది. ఏ పిల్లాడూ ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోని పుస్తకాలన్నీ మన్నయిపోయాయి. కబురు విని సీతారావమ్మ పరుగున వచ్చింది. చెయ్యి పెడితే వేళ్ళకి మట్టి తప్ప ఏమీ తగల్లేదు. పిడికెడు మట్టి కొంగున కట్టుకుంది. ఏడుపు రాలేదు. ఆ మనిషిని ఆ సావిడిలోంచి బయటికి రప్పించి, అదే అరుగు మీద కూర్చోబెట్టాలి. అప్పటిదాకా చావకూడదనుకుంది.

ప్రేమానందంగారు లైబ్రరీకి మళ్ళీ చందాలడుగుతూ ఊరంతా తిరిగాడు. అందరూ చూద్దాంలెండి అన్నారు. ఆయన నీరుగారిపోయి ఉన్న సమయానికి సీతారావమ్మ బడికొచ్చింది.

"చందాలడక్కండి మేస్టారూ. చదివింపులు పెట్టించండి."

"బడికి చదివింపులేమిటమ్మా?"

"ఈ ఊళ్ళో చాటున అడిగితే ఎవరూ ఇవ్వరండి. పేరు పైకి చదివితే ఎవరూ తగ్గరు. నా పేరు రెండుసార్లొస్తుంది. మీరు మాత్రం ఆపకండి."

ఆమె పండించే మిరపకాయలు కొనే ఖాదర్ వలి జగ్గయ్యపేటలో వ్యాపారి. బావగారి కంటే ముందు ఒక టేకు బీరువా చదివించమని అతన్ని అడిగింది. "మీ ఊరి కాయలమీదే బతుకుతున్నా. బీరువా ఎంతపనమ్మా," అన్నాడతను. సాంబయ్యకి చెప్పాల్సింది బసవమ్మ చెవిలో వేసింది.

కాయ కోతలయ్యాక ఒక సాయంత్రం బళ్ళో పందిరేశారు. వడ్రంగి బల్లలు చదివించాడు, కుమ్మరి మంచినీళ్ళ కుండలు. రాళ్ళబండివాళ్ళు జగ్గయ్యపేట నాపరాళ్ళు చదివించారు. ముసలి రత్తమ్మ కోడిపెట్టని చంకన పెట్టుకొచ్చింది. కోడికీ లైబ్రరీకీ ఏం సంబంధమని నవ్వితే, "గుడ్లమ్మితే కథల పుస్తకం రాదా ఏంటి," అని కసిరింది. చూస్తూచూస్తూ ఊరికి ఊపొచ్చింది. చాటున చూద్దాంలెండి అన్నవాళ్ళే ఒకళ్ళనొకళ్ళు తోసుకుని సాంబయ్య దగ్గరికొచ్చారు.

ఖాదర్ వలి బీరువా చదివించాడు. జగన్నాథరావు మీసం మీద చెయ్యేసి, "నావి రెండు," అన్నాడు. పని అయిపోయినట్టే కండువా దులుపుకున్నాడు.

"సీతారావమ్మగారు," అని సాంబయ్య గొంతెత్తాడు. "ఈ ఏటి మిరప పంటంతా పుస్తకాలకి."

పందిరంతా కలకలం. జగన్నాథరావు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. ప్రేమానందంగారు లేచి, పుస్తకాలకీ బీరువాలకీ లోటు లేదుగానీ పెట్టడానికే చోటు లేదని, బళ్ళో పెడితే మళ్ళీ చెదల పాలేనని చెప్పి కూర్చున్నాడు.

"సీతారావమ్మగారు," అన్నాడు సాంబయ్య మళ్ళీ. "తను ఉంటున్న ఇల్లు."

సీతారావమ్మ ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. పంపకాల్లో ఆమెకి దక్కింది ఆ పూరిల్లూ ఆ చేనూ అంతే. బావగారు నోరు మెదపకపోతే రేపటినుంచి తన బతుకు వీధిపాలు. పక్కనున్నావిడ "పిచ్చెక్కిందా నీకు" అని మోచేత్తో పొడిచింది. ఆమె వినలేదు. కళ్ళు దించకుండా, జన్మలో మొదటిసారి, బావగారి మొహంలోకే చూసింది.

"తమ్ముడి పెళ్ళాం కొంప ఇచ్చేసింది. అన్నగారు చెక్కపెట్టెలతో సరిపెట్టాడు," అన్నారెవరో వెనకనుంచి.

జగన్నాథరావు మొహం కందగడ్డయింది. "ఒరే సాంబయ్యా, మా సావిడి. చదువు."

"వినపళ్ళేదయ్యా," అన్నాడు సాంబయ్య, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"మా సావిడిరా," అని ఆయన అరిచాడు. నందిగామ బస్సు ఆపి డ్రైవరు కూడా విన్నాడని తర్వాత చెప్పుకున్నారు. అంత సావిడి ఉండగా పూరిల్లెందుకని ప్రేమానందంగారు ఆమె ఇల్లు ఆమెకే ఉంచేశాడు.

తెల్లారేసరికి ఊపు దిగిపోయింది. జగన్నాథరావు బడికొచ్చి, ఏదో మాటవరసకి అన్నానని, సావిడి బదులు ఇంకేదైనా ఇస్తానని నసిగాడు. వరండా ఊడుస్తున్న బసవమ్మ నడుమెత్తింది.

"చదివించింది వెనక్కి తీసుకోవడం తమరి ఇంటావంటా లేదన్నారు గదయ్యా. ఆ రోజు నేనక్కడే ఉన్నా."

ఆయన చెప్పులేసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తొలకరికల్లా సావిడి లైబ్రరీ అయింది. నాపరాళ్ళ మీద పిల్లలు బోర్లా పడుకుని చదువుకునేవాళ్ళు. తాళంచెవి సీతారావమ్మకిచ్చారు. మిరప పంటతో తెప్పించిన పుస్తకాల్లో చుక్కల పుస్తకం కూడా ఉంది. ఆమె ఆత్రంగా తెరిచింది. అంచులు తెల్లగా ఉన్నాయి, పెన్సిలు గీత ఒక్కటి లేదు. లేదని తెలుసు, అయినా చివరిదాకా తిప్పింది. అప్పుడేడ్చింది, ఇన్నేళ్ళదీ కలిపి.

పేపరు ఇప్పుడు లైబ్రరీకే వస్తోంది. కొన్నాళ్ళు బింకంగా ఉన్న జగన్నాథరావు ఒక మధ్యాహ్నం ఆగలేక గడప దాకా వచ్చాడు. ఎదురుగా తన పడక్కుర్చీ ఉండే చోట బల్ల వేసుకుని ఆమె కూర్చుని ఉంది. లేవలేదు, కొంగు సర్దుకోలేదు. చాటునుండి చెప్పించడానికి ఎవర్నీ పిలవలేదు.

"పేపరు..." అన్నాడాయన.

"అడగొచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చోవాలి బావగారూ. పిల్లలు చదివాక ఇస్తా."

పిల్లలందరూ చూస్తున్నారు. ఆయన వెనక్కి తిరిగి, ఎండలో అరుగు మీద కూర్చున్నాడు.

పిల్లలు పేపరు చదవడం అయిపోయింది. మడతపెట్టి తెచ్చి ఆమె ముందు పెట్టారు. సీతారావమ్మ అరుగు వైపు ఒకసారి చూసి, పేపరు మీద మోచెయ్యి ఆనించి, చుక్కల పుస్తకం మొదటి పేజీ తీసి నిదానంగా చదవడం మొదలుపెట్టింది.